కప్పు మీద భారం

మన సంఘంలో భారం అనేది మంచి మాట. "ఆ కుటుంబం విషయమై నాకు భారం కలిగింది" అని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు ఇంటికి వెళ్ళి మోకాళ్ళ మీద కన్నీళ్ళు విడుస్తారని మనకు తెలుసు. భారం లేని ప్రార్థన పెదవుల ప్రార్థన అని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. కానీ ఒక శీతాకాలం తర్వాత ఆ మాట నా నోటికి వచ్చినప్పుడల్లా చూపు పైకి, కప్పు వైపు పోతోంది. యూత్ మీటింగులో పిల్లలు "అంకుల్, మీరు ఇన్నేళ్ళు ఇక్కడ ఏం జాబ్ చేశారు?" అని అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు పని మానేశాను కాబట్టి చెబుతాను.

నేను కేరర్‌ని కాదు, కేర్‌టేకర్‌ని. ఈ దేశం వచ్చిన కొత్తలో రెండూ ఒకటే అనుకున్నాను. కేరర్లు మనుషుల్ని చూసుకుంటారు. కేర్‌టేకర్ ఆ మనుషులుండే గోడల్ని, తలుపుల్ని, పైపుల్ని, కప్పుని చూసుకుంటాడు. నా భార్య నర్సు. ఆమెకు ఇక్కడ ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చినవాణ్ణి నేను. చీరాల దగ్గర ఇళ్ళు కట్టించిన అనుభవం ఉందని చెబితే, టాలట్ అనే ఊరు దాటి కొండల వైపు పోయే రోడ్డు మీద ఒక వృద్ధుల హోమ్‌లో నన్ను పెట్టుకున్నారు.

ఆ హోమ్ ముందు భాగం పాత రాతి కట్టడం, అందులోనే చాపెల్ అనే ప్రార్థన గది. ఏటవాలు కప్పు, దాని మీద నల్ల స్లేటు పలకలు. వెనక వైపు ఎప్పుడో తర్వాత కలిపిన పొడవాటి సన్‌రూమ్, అంటే ఎండ కాచుకునే గది. దాని కప్పు మాత్రం చదునుగా ఉంటుంది: చెక్క దూలాలు, పైన ప్లైవుడ్, ఆ పైన తారు పట్టా. చూడ్డానికి మన డాబా లాగే ఉంటుంది, కానీ డాబా కాదు. ఆ తేడా నాకు కళ్ళకు తెలుసు, ఒంటికి తెలియదు. ఈ కథంతా అక్కడే ఉంది.

నాకు పని నేర్పిన పెద్ద కేర్‌టేకర్ ఈ దేశంలోనే పడమటి వైపు మాయో కౌంటీ మనిషి. ఏదడిగినా "గ్రాండ్" అనేవాడు. మనకు గ్రాండ్ అంటే పెళ్ళి పందిరి, లైట్లు, వంద రకాల వంటలు. ఇక్కడ గ్రాండ్ అంటే ఫరవాలేదు, నడుస్తుంది, ఇక నన్ను విసిగించకు అని. ఆ శీతాకాలం ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంటి దగ్గర ఉన్నాడు. కప్పు నా ఒక్కడి మీద పడింది.

అప్పటికే కొన్ని రోజులుగా నేల రాయిలా గడ్డకట్టి ఉంది. దాని మీద వాన పడబోతోందని, అది తగిలిన చోటల్లా మంచుగడ్డ అయిపోతుందని, తోడుగా పెద్ద గాలి ఉండొచ్చని రేడియోలో పదే పదే చెప్పారు. మా మేనేజరమ్మ నన్ను ఆఫీసులోకి పిలిచింది. ఆవిడా ఒకప్పుడు నర్సే. మాటలు తక్కువ.

"మనుషుల్ని నేను చూసుకుంటాను. కప్పుని నువ్వు చూసుకో" అంది.

చూసుకున్నాను. కప్పు అంచున వాన నీళ్ళు పోయే గట్టర్లలో కుళ్ళిన ఆకులన్నీ చేత్తో తీశాను. అటక మీద నీళ్ళ ట్యాంకుకీ పైపులకీ తొడుగులు కట్టాను. కదులుతున్న స్లేటు పలకల్ని మనిషిని పిలిపించి బిగించాను. మంచు కరగడానికి దారుల్లో చల్లే ఉప్పు బస్తాలు తలుపు దగ్గర పెట్టాను. ఇవన్నీ పెద్దాయన నేర్పినవి. ఆ పైన చేసింది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. నాతో పుట్టింది.

నేను సముద్రం పక్కన పెరిగాను. నా భయాలన్నీ గాలి భయాలు. చిన్నప్పుడు ఒక తుఫానులో మా ఇంటి రేకులు లేచిపోయిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ముందు ఒక మూల టపటపా కొట్టుకుంది, తర్వాత గోడ మీద నుంచి ఇల్లంతా చింపినట్టు ఒక్క చప్పుడు, ఆ తర్వాత నెత్తి మీద ఆకాశం. అందుకే మా వైపు తుఫాను కబురు రాగానే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇసుక బస్తాలు, రాళ్ళు, పాత టైర్లు, ఏది దొరికితే అది కప్పు మీదికి ఎక్కించేస్తాం. కప్పుకు బరువుంటే ఇల్లు నిలుస్తుంది. మా తీరంలో ఆకాశం నుంచి బరువు పడదు. నీళ్ళు పడతాయి, పోతాయి.

సన్‌రూమ్ కప్పు అంచున తారు పట్టా ఒకచోట కొంచెం లేచి ఉంది. గాలి దాని కిందికి దూరితే ఇంకేముంది! షెడ్డులో వరదల కోసం ఉంచిన ఇసుక బస్తాలు ఉన్నాయి. ఒక్కొక్కటే భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కి, అంచు పొడుగునా వరసగా పేర్చాను.

మా హోమ్‌లో కేరర్‌గా పనిచేసే వరంగల్ చెల్లెమ్మ ఒకామె ఉంది. మన సంఘం మనిషే. డ్యూటీకి వస్తూ కింద నిలబడి చూసింది.

"గదేంది అన్నా, కప్పుకు కావలి పెడుతున్నవా?"

"గాలొస్తోందమ్మా. పట్టా లేచిపోతే నీ నెత్తి మీదే పడుద్ది."

"నా నెత్తి గట్టిదే గాని, నువ్వు జారితే మీ ఆవిడకు ఏం చెప్పాలె? ప్రభువు పిలుచుకున్నడు అని చెప్పనా?"

"నిచ్చెన పట్టుకో, ప్రభువు పని తర్వాత."

ఆమె నవ్వుతూనే నిచ్చెన పట్టుకుంది. మోషే పిట్టగోడ కట్టమన్నాడు కదా, నువ్వు బస్తాలతో కట్టినవ్ అని ఒక మాట కూడా అంది. నాకు ఆ మాట నచ్చింది. కప్పు మీద నుంచి ఎవరి రక్తమూ ఇంటి మీదికి రాకూడదనే కదా ఆ ఆజ్ఞ. అన్నీ అయ్యాక మాయో పెద్దాయనకు ఫోన్ చేశాను.

"గట్టర్లు అయ్యాయి, పైపులు అయ్యాయి. వెనక సన్‌రూమ్‌కి ఇసుక బస్తాలు వేశాను" అన్నాను.

"గుడ్ మ్యాన్. అంతా గ్రాండ్" అన్నాడు.

బస్తాలు తలుపుల దగ్గర వేశానని ఆయన అనుకున్నాడు. ఈ దేశంలో ఇసుక బస్తాలు ఉండేది గుమ్మం దగ్గరే. కప్పు మీద వేశాను అని నేను చెప్పలేదు. మా వైపు వాడికి ఆ సంగతి చెప్పాలనే తోచదు.

తెల్లవారేసరికి గాలి లేదు. పెనుగాలి ఇంకెటో మళ్ళిపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి దేవునికి స్తోత్రం చెప్పాను. చప్పుడు లేని సన్నటి వాన పడుతోంది. అది నేలను తాకి పారడం లేదు. పడిన చోటే ఆగిపోతోంది. గేటు, తీగలు, గడ్డిపోచలు, ఎర్ర పళ్ళ గుత్తులు, అన్నింటికీ గాజు పోత పోసినట్టయింది. అందంగానే ఉంది. కొంతసేపటికి కొండ వైపు చెట్ల కొమ్మలు విరగడం మొదలైంది. తుపాకీ పేల్చినట్టు ఒక్కొక్క చప్పుడు. గాలి లేకుండా చెట్టు విరగడం నా జీవితంలో నేను చూడలేదు.

కరెంటు పోయింది. జనరేటర్ లైట్లకు, గాలి పరుపులకు, ఆక్సిజన్ మిషన్లకు సరిపోయింది గాని గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ దాకా రాలేదు. గదులు చల్లబడసాగాయి. సన్‌రూమ్‌లో కట్టెల స్టవ్ ఉంది. మేనేజరమ్మ ఇంకో ఆలోచన లేకుండా అందర్నీ అక్కడికి తెమ్మంది. కేరర్లు చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని తెచ్చి స్టవ్ చుట్టూ కూర్చోబెట్టారు. దుప్పట్లు, టీ, ఎవరిదో పాట. సంఘ సహవాసంలా ఉంది. నేను కట్టెలు మోసి, బయట దారిలో ఉప్పు చల్లి వచ్చాను.

సన్‌రూమ్ గుమ్మంలో మా టీచరమ్మ నన్ను ఆపింది. ఆవిడ రిటైరైన స్కూలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. హోమ్‌లో ఆవిడ చేత చివాట్లు తినని వాళ్ళు లేరు. చక్రాల కుర్చీలో తలుపు పక్కన కూర్చుని, చేతికర్రతో తలుపుని పొడుస్తోంది.

"ఈ తలుపు మూసుకోవడం లేదు. చలిగాలి నా మెడ మీదికే వస్తోంది. నిన్నటిదాకా ఒక వేలితో మూసేదాన్ని. నీ పని ఇదేనా?"

"తేమకు చెక్క ఉబ్బింది టీచర్. తర్వాత చిత్రిక పడతాను."

"గడ్డకట్టే చలిలో తేమ ఎక్కడిది? బుద్ధి ఉపయోగించు."

ఆవిడ నోరు మూయించడానికే పైకి చూశాను. తలుపు పై అంచు ద్వారబంధానికి రాసుకుని రంగు లేచిపోయింది. తలుపు ఉబ్బలేదు. ద్వారబంధమే కిందికి దిగింది. అప్పుడు, మాటల మధ్య, స్టవ్ చిటపటల మధ్య, సీలింగ్‌లో నుంచి ఒక చప్పుడు విన్నాను. పెద్దది కాదు. వేళ్ళు విరుచుకున్నట్టు, టిక్ అని.

మేడ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. పై అంతస్తు వెనక కిటికీలో నుంచి సన్‌రూమ్ కప్పు కనబడుతుంది. చూశాను. నా బస్తాలు కావలి కాయడం లేదు. గట్టు కట్టాయి. పొలానికి గట్టు వేసి నీళ్ళు నిలబెట్టినట్టు, వాన నీరు తూము దాకా పోకుండా వాటి వెనక నిలిచిపోయింది. నిలిచినది గడ్డకట్టింది. దాని మీద మళ్ళీ పడింది, మళ్ళీ గడ్డకట్టింది. బస్తాలు కూడా తడిసి రాళ్ళై పట్టాకు అతుక్కుపోయాయి. కప్పు నడుమ పళ్ళెంలా లోపలికి వంగి ఉంది. దాని కింద, నాకు పేరుపేరునా తెలిసిన ముసలివాళ్ళంతా వెచ్చగా కూర్చుని టీ తాగుతున్నారు. వాన ఇంకా పడుతూనే ఉంది.

దేవుడు పంపే చలి ముందు నిలిచేదెవరు అని కీర్తనకారుడు అడిగిన మాట ఎన్నిసార్లు చదివానో. ఆ రోజు దాకా అది నాకు కవిత్వమే.

మేనేజరమ్మని నడవలో పట్టుకున్నాను. నా ఇంగ్లీషు అంతా ఎక్కడికో పోయింది.

"కప్పు దిగుతోంది. అందర్నీ బయటికి తీయాలి."

"ఎక్కడికి? మిగతా ఇల్లంతా చల్లగా ఉంది. వాళ్ళలో సగం మంది ఛాతీలు ఈ చలిని తట్టుకోవు. నీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలియదు."

"పడిపోతుందా?"

"తెలియదు. బస్తాలు నేను పెట్టాను. వాటి వెనక మంచు పేరుకుంది. తలుపు బిగుసుకుంది. అంతే తెలుసు."

ఆవిడ నా మొహం కేసి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. అందులో కోపం లేదు. రెండు చావుల్లో ఏది చిన్నదో తూచుకుంటున్న చూపు అది. ఇటు చలి, అటు కప్పు. అటు తూకంలో ఉన్నది నా మాట ఒక్కటే.

"చాపెల్‌లోకి" అంది. "దానికి స్లేటు కప్పు. అందరూ. ఇప్పుడే."

మా చెల్లెమ్మ, మిగతా కేరర్లు ఒక్క ప్రశ్న అడగలేదు. కుర్చీలు కదిలాయి. నేను షెడ్డుకు పరుగెత్తి నిచ్చెన తెచ్చాను. పైకెక్కి గునపంతో బస్తాలు ఊడగొట్టాలని. చెల్లెమ్మ వెనక తలుపులో అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"బరువు తీసెయ్యాలమ్మా!"

"నీ బరువు ఎంత అన్నా? కప్పు మీద ఉన్నది చాలదని నువ్వు గూడ ఎక్కుతవా? కింద ఇంకా మంది ఉన్నరు. దించు నిచ్చెన!"

అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. నిచ్చెన అక్కడే పడేసి లోపలికి వెళ్ళాను. పక్షవాత రోగిని ప్రభువు ముందుకు దించడానికి కప్పు విప్పిన నలుగురి మీద నేను యూత్‌కి ఒకసారి పెద్ద వాక్యమే చెప్పాను. కప్పు మీదికి ఎక్కకుండా ఉండడం కూడా విశ్వాసమే అని ఎవరూ నాకు చెప్పలేదు.

అందరూ వెళ్ళాక టీచరమ్మ మిగిలింది. చక్రాల బ్రేకులు గట్టిగా వేసుకుని స్టవ్ దగ్గరికి జరిగి కూర్చుంది.

"నేను రాను. చలికి వణుకుతూ చచ్చేకంటే వెచ్చగా చస్తాను."

సీలింగ్ మళ్ళీ టిక్ అంది. ఈసారి తెల్లటి పొడి కొంచెం ఆవిడ దుప్పటి మీద రాలింది. ఆవిడ కుర్చీ ముందు కూర్చుండిపోయాను.

"టీచర్, నాకు భయంగా ఉంది. మీరు రాకపోతే నేనూ వెళ్ళలేను."

ఆవిడ దుప్పటి దులుపుకుంది. "ముందే ఆ మాట అనొచ్చుగా. ఇందాకటి నుంచి అందరూ నా మంచికే అంటున్నారు. నీ మంచికైతే వస్తాను." బ్రేకులు తీసింది.

చాపెల్ చిన్నది, రాతి నేల, గోడల వెంట కాథలిక్ విగ్రహాలు. నోట్లోంచి ఆవిరి కనబడేంత చలి. వంటగదిలో గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి, రబ్బరు సీసాల్లో నింపి, ఒక్కొక్కరి ఒళ్ళో పెట్టారు. దొరికిన కోట్లు, కర్టెన్లు కూడా కప్పారు. ముసలివాళ్ళు జపమాల పట్టుకున్నారు. నేనూ చెల్లెమ్మా వెనక బల్ల మీద మన పద్ధతిలో కళ్ళు మూసుకున్నాం. మన పాస్టరుగారు చూస్తే ఆ విగ్రహాల మధ్య మమ్మల్ని గుర్తుపట్టేవారు కాదేమో. ఆ గదిలో ఆ రోజు సిద్ధాంతం అడిగినవాళ్ళు లేరు.

మాటిమాటికీ వెళ్ళి నడవ చివర నుంచి సన్‌రూమ్ వైపు చూసి వచ్చేవాణ్ణి. ఖాళీ గది. స్టవ్ లో నిప్పు ఎర్రగా ఉంది. కప్పు నిలబడే ఉంది. తిరిగి వచ్చి చూస్తే ముసలివాళ్ళ పెదవులు నీలంగా అవుతున్నాయి. మధ్యాహ్నానికి ఒకావిడ కూతురు జారుకుంటూ నడిచే వచ్చింది. తల్లి చేతులు పట్టుకుని చూసి, నావైపు తిరిగింది.

"అక్కడ స్టవ్ మండుతుంటే మా అమ్మను ఈ రాళ్ళ మీద ఎందుకు కూర్చోబెట్టారు?"

మేనేజరమ్మ నాకంటే ముందు జవాబు చెప్పింది. "నా నిర్ణయం" అంది. నన్ను చూపించలేదు.

ఆ వెనక బల్ల మీద నేను చేసిన ప్రార్థన మీకు చెప్పాలి. మొదట, కప్పు నిలబెట్టు ప్రభువా అన్నాను. చాలాసేపు అదే. టీచరమ్మ దగ్గు మొదలైంది. ఒకసారి కాదు, ఆగకుండా. దగ్గినప్పుడల్లా ఆవిడ చిన్న భుజాలు ఎగిరిపడుతున్నాయి. అప్పుడు నా పెదవుల మీద మాట మారిపోయింది. కూల్చెయ్యి ప్రభువా అన్నాను. ఇంత చలిలోకి వీళ్ళని ఊరికే తేలేదని తెలియాలి, ఆ కప్పు ఇప్పుడే కూలాలి. నిజంగా భారంతో అడిగాను. పట్టణం నాశనమవుతుందని ప్రకటించి, ఊరి బయట కూర్చుని, ఎప్పుడు కూలుతుందా అని చూసిన ప్రవక్తను సండే స్కూలు పిల్లలకు వేలెత్తి చూపించినవాణ్ణి నేనే. ఆయనకు కనీసం నీడకు ఒక చెట్టుంది.

కప్పు కూలలేదు.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. మర్నాడు మంచు కరగడం మొదలైంది. మంచు విరిగి జారిన ప్రతి చప్పుడుకూ కిటికీ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. చివరికి తూము తెరుచుకుని నీళ్ళు ధారగా కిందికి పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు, టీచరమ్మకు తప్ప. ఆవిడకు ఛాతీలో నెమ్ము చేరింది. ఆ ఉదయమే అంబులెన్సులో తీసుకెళ్ళారు.

ఇంజినీరు వచ్చి సీలింగ్ తెరిచి చూశాడు. రెండు దూలాలు పొడుగునా చీలి ఉన్నాయి. "నిలిచేదో, పడేదో ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఇంకో మాట ఏదైనా అంటాడేమోనని ఆయన వెనకాలే తిరిగాను. అనలేదు. మాయో పెద్దాయన కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. కప్పు మీద నుంచి దించిన బస్తాల్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ బస్తాల్ని చూశాడు.

"పైనా? పైన వేశావా? నేను గుమ్మం దగ్గరనుకున్నాను, దేవుడా!" అన్నాడు. "మీ ఊళ్ళో గుమ్మం దగ్గర ఏం పెడతారు, కప్పు పెడతారా?"

నవ్వించాలని చూశాడు. నవ్వు రాలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "అడిగి ఉండాల్సింది నేను. గ్రాండ్ అనేశాను" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఆయన నోట కొంచెం తగ్గింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కొత్త దేశంలో మీరు తప్పులు చేసేది తెలియని సంగతుల్లో కాదు. తెలియనివి ఎలాగూ అడుగుతారు. మీ ఒంటికి బాగా తెలిసినవి ఉంటాయి చూడండి, అడగాలని కూడా తోచనివి, వాటి దగ్గర ఆగండి. మీ అమ్మా నాన్నా ప్రాణాలు కాపాడిన పనే ఇక్కడ ఇంకొకరి నెత్తి మీద బరువు కావచ్చు. నాకు ఇంతకంటే పెద్ద పాఠం తెలియదు. ఇది కూడా నన్ను నిద్రపుచ్చే పాఠం కాదు.

టీచరమ్మను చూడడానికి ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసి, ముక్కుకున్న గొట్టాన్ని పక్కకు జరిపింది.

"కూలిందా?"

"లేదు టీచర్."

"ఒక మూలైనా?"

"రెండు దూలాలు చీలాయి. అంతే."

ఆవిడ మొహంలో నిరాశ దాచుకోలేదు. "ఇంత దగ్గు దగ్గించాక, మర్యాదకైనా పడి ఉండాల్సింది."

"నేనూ అదే అడిగాను టీచర్. చాపెల్‌లో. కూల్చమని ప్రార్థించాను."

ఆవిడ నన్ను కాసేపు పరీక్షగా చూసింది, లెక్క తప్పు చేసి తెచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు.

"ఏం జవాబొచ్చింది?"

"వద్దన్నాడు."

"అయితే ఆయనకు నీకంటే బుద్ధి ఉంది" అంది. గొంతు బొంగురుగా ఉంది. చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అది కోలుకుంటున్న మనిషి వెచ్చదనమో, జ్వరమో నాకు తెలియలేదు. నర్సును అడగడానికి భయమేసి, వదలకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.